అక్షరం కింద గీత: గార్డెన్ రీచ్ ఫైళ్ల నుంచి రిచ్ టెక్స్ట్ ఎడిటర్ దాకా

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో రైల్వే కుటుంబాల్లో పుట్టిపెరిగిన వారికి గార్డెన్ రీచ్ అనే పేరు కొత్త కాదు. తండ్రిగారి బదిలీ అయినా, ప్రమోషన్ అయినా, పాసు నిబంధనల్లో మార్పు అయినా 'గార్డెన్ రీచ్ నుంచి కాగితం రావాలి' అనే మాట ఆ ఇళ్లలో వినిపించేది. కలకత్తా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న పేట అది. పదవి కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో అక్కడికి చేరి, పక్కనే ఉన్న మటియాబుర్జ్‌లో చిన్న లక్నోను కట్టుకున్నాడు. 1887లో ఆయన మరణించాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. తర్వాతి కాలంలో ఆ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని గార్డెన్ రీచ్‌లోనే కట్టుకుంది. దాని రూపకల్పన చేసిన విన్సెంట్ ఈష్ మనకు పరాయివాడేమీ కాదు. హైదరాబాదు హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషను ఆయన పేరుతో ముడిపడినవే.

తూర్పు తీర రైలు మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. పేర్లు మారినా హెడ్డాఫీసు మాత్రం గార్డెన్ రీచ్‌లోనే ఉండిపోయింది. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే పూర్తిగా పని మొదలుపెట్టి వాల్తేరు డివిజనును తీసుకునే వరకు, దాదాపు నూరేళ్లపాటు ఉత్తరాంధ్ర రైలు మార్గాల మీద జరిగిన నిర్ణయాల్లో చాలాభాగం అక్కడి కాగితాల మీద రాసినవే.

ఈ వ్యాసం రైళ్ల గురించి కాదు, ఆ కాగితాల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కాగితం మీది అక్షరాల కింద గీసిన గీత గురించి. ఈనాడు ఏ కార్యాలయ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఉత్తరం రాసే పెట్టె పైన చిన్న చిన్న బొమ్మల వరుస కనబడుతుంది. ఒకటి నొక్కితే అక్షరం లావెక్కుతుంది, ఇంకొకటి నొక్కితే వాలుతుంది, మరొకటి నొక్కితే దాని కింద గీత పడుతుంది. దీనినే రిచ్ టెక్స్ట్ ఎడిటర్ అంటారు. చూడటానికి చిన్న సౌకర్యం. దాని వెనుక నూటయాభై ఏళ్ల కథ ఉంది.

ఫైలు అనే యంత్రం

మన దేశంలో ప్రభుత్వ ఫైలుకు రెండు పక్కలు ఉంటాయి. ఒక పక్క వచ్చిన ఉత్తరాలు, పంపిన జవాబుల నకళ్లు. రెండో పక్క నోటు షీట్లు. గుమస్తా మొదలుకొని పై అధికారి దాకా ఒకరి కింద ఒకరు తమ అభిప్రాయం రాసి సంతకం చేసేది వీటి మీదనే. నోటు షీటు సాధారణంగా ఆకుపచ్చ రంగు కాగితం. వచ్చిన ఉత్తరం మీద ఎవరూ దిద్దుబాట్లు చేయరు. దానికి చీటీ గుచ్చి, నోటులో 'ఫలానా చీటీ చూడండి' అని రాస్తారు. నోటులో ఒక మాట తప్పుపడితే కొట్టివేసి పక్కన పొడి సంతకం చేస్తారే కాని, కాగితం చించి పారేయరు. కొట్టివేసిన మాట కూడా సాక్ష్యమే. ఆకుపచ్చ, ఎర్ర సిరాలు వాడే అధికారం పై స్థాయి అధికారులకే పరిమితం.

అంటే రంగు, గీత, కొట్టివేత, మార్జిను అన్నీ అర్థం ఉన్న సంకేతాలే. కంప్యూటర్ల వాళ్లు 'రిచ్ టెక్స్ట్' అనే పేరు పెట్టడానికి చాలా ముందే గుమస్తాలకు ఆ విషయం తెలుసు.

ఆ ఫైళ్లలో ఉండేది మనుషుల బతుకు. 1920ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల తగ్గింపుకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కేంద్రంగా పెద్ద సమ్మెలు జరిగాయి. వాటిలో కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడు వరాహగిరి వెంకటగిరి, తర్వాత 1969లో రాష్ట్రపతి అయిన తెలుగువాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో అప్పటికే తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పే కాగితంలో ఏ వాక్యం కింద గీత ఉందో వాళ్లకు చిన్న సంగతి కాదు.

టైప్‌మిషన్ నేర్పిన పాఠం

అమెరికాలో షోల్స్ రూపొందించిన టైప్‌మిషన్‌ను రెమింగ్టన్ కంపెనీ 1870ల మధ్యలో మార్కెట్లోకి తెచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటికి మన కార్యాలయాల్లోకి కూడా అది చేరింది. కోస్తా ఊళ్లలో ప్రతి వీధి మలుపులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు లోయరు, హయ్యరు పాసై షార్ట్‌హ్యాండ్ కూడా వస్తే రైల్వేలో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో ఎన్ని వేల మంది తెల్లవారుజామునే ఆ బల్లల ముందు కూర్చున్నారో!

టైప్‌మిషన్‌కు ఒకే సైజు, ఒకే రకం అక్షరాలు. మరి ముఖ్యమైన మాటను ఎలా చూపాలి? మాట కొట్టి, బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వచ్చి, దాని కిందనే అడ్డగీతలు కొట్టాలి. లావుగా కనబడాలంటే అదే అక్షరం మీద మళ్లీ అదే అక్షరం కొట్టాలి. శీర్షిక అయితే అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ వదలాలి. ఈ కిటుకులు అంతటితో పోలేదు. 1960లలో కంప్యూటర్ల కోసం ఆస్కి అనే అక్షర సంకేత పట్టికను తయారుచేసినప్పుడు బ్యాక్‌స్పేస్‌కు అందులో ఒక సంఖ్య ఇచ్చారు. అక్షరం మీద అక్షరం కొట్టడం దాని ఉపయోగాల్లో ఒకటి. మనం ఇప్పుడు తప్పు చెరపడానికి నొక్కే కీ ఒకప్పుడు గీత గీయడానికి పనికొచ్చేది!

1960లలో మన జోనల్ రైల్వేలు ఐబీఎం 1401 కంప్యూటర్లను తెప్పించుకున్నాయి. జీతాల పట్టీలు, సరుకుల లెక్కల కోసం వాడిన ఆ కంప్యూటర్ల ప్రింటరులో సాధారణంగా 48 గుర్తులే ఉండేవి. చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు లేవు. గీతలూ లావు అక్షరాలూ అడిగే ప్రసక్తే లేదు. ఒకే భవనంలో ఒక గదిలో అంకెలు యంత్రవేగంతో కదులుతుంటే, పక్క గదిలో ఉత్తరం మాత్రం డ్రాఫ్టు, దిద్దుబాటు, ఫెయిర్ కాపీ, సరిపోల్చడం అనే పాత దారిలోనే నడిచేది. ఒక్క మాట మారితే పేజీ మొత్తం మళ్లీ కొట్టాలి. నకళ్లు ఎక్కువ కావాలంటే స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ చేయాలి.

కనబడినదే కాగితం మీదికి

ఉత్తరాన్ని దిద్దడానికి వీలుగా యంత్రంలో దాచవచ్చునన్న ఆలోచనకు ఐబీఎం 1964లో అయస్కాంత టేపు జోడించిన టైప్‌మిషన్‌తో రూపం ఇచ్చింది. అదే ఏడాది మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జెరోమ్ సాల్ట్‌జర్ 'రనాఫ్' అనే ప్రోగ్రాం రాశాడు. 'ఇక్కడ కొత్త పేరా', 'ఇక్కడ మధ్యకు జరుపు' వంటి ఆజ్ఞలను ఉత్తరం మధ్యలోనే రాస్తే, అచ్చువేసే సమయంలో ప్రోగ్రాం వాటిని అమలు చేస్తుంది. తెర మీద మాత్రం ఆ ఆజ్ఞలే కనబడతాయి. 1978 నాటి వర్డ్‌స్టార్ దాకా కథ ఇంచుమించు ఇదే. మాటకు ముందు కంట్రోల్ పి, బి, మాట తర్వాత మళ్లీ కంట్రోల్ పి, బి అని కొడితే కాగితం మీద ఆ మాట లావుగా వచ్చేది. మన కార్యాలయాల్లోకి పర్సనల్ కంప్యూటర్లు వచ్చిన తొలి రోజుల్లో వర్డ్‌స్టార్ నేర్చిన వాళ్లకు ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు.

అసలు మలుపు అంతకుముందే, 1974లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో వచ్చింది. బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ కలిసి ఆల్టో కంప్యూటర్ మీద 'బ్రావో' అనే ఎడిటర్‌ను తయారుచేశారు. తెర మీద ఎలా కనబడితే కాగితం మీద అలాగే వస్తుంది. మరుసటి ఏడాది లారీ టెస్లర్, టిమ్ మాట్ 'జిప్సీ' చేశారు. కత్తిరించి అతికించే పని, అంటే కట్, పేస్ట్, ఈనాటి రూపంలో అందులోనే స్థిరపడింది. పాఠ్యపుస్తకాలు ప్రచురించే ఒక సంస్థ సంపాదకుల కోసం చేసిన పని అది. వాళ్లు నిజంగానే కత్తెర, జిగురుతో పనిచేసేవారు.

బ్రావోలో వాడిన ఒక ఉపాయాన్ని కొంచెం నిదానంగా చూద్దాం. మన ఫైలు పద్ధతికి అది దగ్గర చుట్టం. 'రేపటి నుంచి ఈ రైలు వాల్తేరులో ఆగును' అని ఒక వాక్యం ఉందనుకోండి. అధికారి 'ఆగును' తీసి 'ఆగదు' అని పెట్టాడు. ఎడిటర్ ఏం చేయాలి? పాత మాట చెరిపి, వెనుక ఉన్న అక్షరాలన్నిటినీ జరపవచ్చు. పెద్ద పత్రంలో అది నెమ్మది. బ్రావో అసలు వాక్యాన్ని ముట్టుకోదు. కొత్తగా కొట్టిన 'ఆగదు' అనే మాటను వేరే ఖాతాలో చేరుస్తుంది. తర్వాత ఒక చిన్న పట్టిక రాసుకుంటుంది: 'మొదటి ముక్క అసలు ఖాతాలో మొదటి నుంచి వాల్తేరులో అనే మాట వరకు, రెండో ముక్క కొత్త ఖాతాలోని ఆగదు.' తెర మీద చూపేది ఈ ముక్కల వరుసనే. మార్పు వద్దనుకుంటే పట్టికను పాత స్థితికి తెస్తే చాలు, చెరిపిన మాట ఎక్కడికీ పోలేదు. వచ్చిన ఉత్తరాన్ని దిద్దకుండా చీటీలు గుచ్చే మన గుమస్తా పద్ధతీ ఇదే కదా!

లావు, వాలు, గీత కూడా ఇలాగే. 'పన్నెండో అక్షరం నుంచి ఇరవయ్యో అక్షరం వరకు బోల్డ్' అని వేరే పట్టికలో రాసుకోవచ్చు. లేదా వర్డ్‌స్టార్ మాదిరిగా మాటల మధ్యనే గుర్తులు ఇరికించవచ్చు. మొదటి పద్ధతి యంత్రానికి అనుకూలం, రెండోది ఉత్తరాన్ని ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు పంపడానికి అనుకూలం. సిమోనీ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 1983లో వర్డ్ వచ్చింది. 1987లో ఆ సంస్థ రిచ్ టెక్స్ట్ ఫార్మాట్‌ను ప్రకటించింది. అలంకారాలతో సహా ఉత్తరాన్ని మామూలు అక్షరాల్లోనే రాసి పంపే పద్ధతి అది. 'రిచ్ టెక్స్ట్' అన్న పేరు కార్యాలయాల్లో వ్యాపించడానికి ఇదొక ముఖ్య కారణం.

పెట్టెలోకి వచ్చిన ఎడిటర్

1995 వరకు ఉత్తరానికి ఒక ప్రోగ్రాం, లెక్కలకు ఇంకొకటి. విండోస్ 95తో పాటు మైక్రోసాఫ్ట్ ఒక తయారు ఎడిటర్ ముక్కను ఇచ్చింది. జీతాల సాఫ్ట్‌వేర్ అయినా, గోదాముల సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని రాసే ప్రోగ్రామర్ ఆ ముక్కను తెచ్చి తన తెరలో అతికిస్తే చాలు, వర్డ్ లాంటి పెట్టె వచ్చేది. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 బ్రౌజరులోని ఏ భాగాన్నయినా దిద్దడానికి వీలు కల్పించింది. 2003లో మొజిల్లా ఇటువంటి సౌకర్యమే ఇచ్చింది. ఆ వెంటనే ఎఫ్‌సీకే ఎడిటర్, 2004లో టైనీఎంసీఈ వంటి తయారు ఎడిటర్లు వచ్చాయి.

వాటితో తలనొప్పులూ వచ్చాయి. ఎంటర్ కీ నొక్కితే ఒక బ్రౌజరు కొత్త పేరా అనుకుంటే, ఇంకొకటి కొత్త పెట్టె అనుకునేది, మూడోది పంక్తి విరుపు మాత్రమే అనుకునేది. ఒకే ఉత్తరం మూడు కంప్యూటర్లలో మూడు రకాలుగా నిల్వ అయ్యేది. వర్డ్ నుంచి ఒక పేరా తెచ్చి అతికిస్తే, కంటికి కనబడని సంకేతాలు ఆ పేరాకు ఎన్నో రెట్లు వెంట వచ్చేవి. కనబడనిది ప్రమాదకరం కూడా కావచ్చు. 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సైటులో ఒక కుర్రవాడు తన పరిచయ పేజీలో ఆజ్ఞలు దాచి పెట్టాడు. ఆ పేజీ చూసిన వారి పేజీలోకి కూడా అవి తమంతట తామే పాకాయి. ఒక్క రోజు గడవక ముందే పది లక్షల పైచిలుకు పేజీలు అంటుకున్నాయి. అందుకే బాధ్యత గల కార్యాలయ సాఫ్ట్‌వేర్ వచ్చిన ఉత్తరాన్ని జల్లెడ పడుతుంది. బోల్డ్, గీత, పట్టిక వంటి కొన్నిటినే లోపలికి రానిచ్చి మిగిలినవన్నీ తీసేస్తుంది.

జల్లెడ మరీ సన్నమైతే ఏమవుతుందో ఈ వ్యాసకర్తకు అనుభవమే. ఒకసారి ఒక అనువాదంలో 10 నెత్తిన చిన్న 8 వేసి పంపాను. దారిలో ఎక్కడో అలంకారాలన్నీ ఊడిపోయాయి. అచ్చులో 108 అని వచ్చింది. పది కోట్లు నూట ఎనిమిది అయింది! ఆ 8 పైకి లేచి ఉండటం అందం కోసం కాదు, విలువ కోసం.

తెలుగు అక్షరానికి వచ్చిన చిక్కు

తెలుగులో ఈ సమస్య మరింత లోతైనది. తెలుగు టైప్‌మిషన్‌లో గుడి, కొమ్ము వంటి ముక్కలు వేర్వేరు కీలు. ముక్కలు కలిపి అక్షరం కట్టాలి. 1990లలో డీటీపీ ఫాంట్లు చేసినవాళ్లు కూడా ఇదే పని చేశారు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చారు. ఏ ముక్క ఏ సంఖ్యకో ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంది. ఇంగ్లీషులో ఫాంటు అనేది అలంకారం, ఊడిపోయినా మాట మిగులుతుంది. మన పాత ఫాంట్లలో ఫాంటే అక్షరం. ఎడిటర్ ఫాంటు పేరును తీసేసిన క్షణంలో 'వాల్తేరు' కాస్తా అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల కుప్ప అవుతుంది. ఆ రోజుల్లో దాచుకున్న తెలుగు పత్రాల్లో ఇప్పుడు తెరిస్తే చదవడానికి రానివి ఎన్నో.

సరైన దారి లేకపోలేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీ-డాక్‌లో ఎదిగిన జిస్ట్ సాంకేతికత, 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడిన ఇస్కీ భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాలు ఇచ్చాయి. ముక్కకు కాకుండా అక్షరానికి, ఉచ్చారణ క్రమంలో సంఖ్య ఇవ్వడం వీటి గొప్పతనం. ఇందులోనూ ఒక చిక్కు చూడండి. ఇస్కీలో భారతీయ అక్షరాలు ఎనిమిదో బిట్ వెలిగే సంఖ్యల్లో ఉంటాయి. వర్డ్‌స్టార్ డాక్యుమెంట్ పద్ధతిలో ప్రతి మాట చివరి అక్షరానికీ ఆ ఎనిమిదో బిట్‌నే తన సొంత గుర్తుగా వాడుకునేది. ఒకే కుర్చీకి ఇద్దరు! 1991లోనే వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు ఇస్కీ వరుసనే అనుసరించి తెలుగుకు విడి చోటు ఇచ్చింది. అయినా విండోస్‌లో తెలుగు సరిగా కనబడటానికి 2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు రావలసి వచ్చింది.

అప్పటికీ ఎడిటర్ల పని పూర్తికాలేదు. 'లక్ష్మి' అనే మాట తీసుకోండి. కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. తెలివిలేని ఎడిటర్ ఈ ఏడింటి నడుమ ఎక్కడైనా బోల్డ్ గుర్తు పెట్టగలదు. క తర్వాత పెడితే క్ష్మి ముక్కలవుతుంది. ఇక అడ్డగీత. ఇంగ్లీషు అక్షరాల్లో కొద్ది మాత్రమే గీత కిందికి దిగుతాయి. తెలుగులో ఒత్తులన్నీ అక్కడే ఉంటాయి. టైప్‌మిషన్ కాలం నుంచి వచ్చిన ఆ గీత మన ఒత్తుల నడుమ నుంచి పోతుంది. వాలు అక్షరాలు మన అచ్చు సంప్రదాయంలో లేవు. నొక్కి చెప్పవలసిన తెలుగు మాటకు లావు అక్షరమో కొటేషన్ గుర్తులో వాడటం మేలని నా అభిప్రాయం.

మళ్లీ ఆకుపచ్చ కాగితం

2019లో భారతీయ రైల్వే రైల్‌టెల్ ద్వారా జాతీయ సమాచార కేంద్రం వారి ఈ-ఆఫీస్‌ను జోన్లలో, డివిజన్లలో ప్రవేశపెట్టడం మొదలుపెట్టింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నోటు రాసే పెట్టె రిచ్ టెక్స్ట్ ఎడిటరే. ముందు పసుపు నోటు, అది దిద్దుకోవచ్చు. ఖరారు చేసి పంపితే ఆకుపచ్చ నోటు, దాన్ని ఇక ఎవరూ మార్చలేరు. పాత నోటు షీటు రంగు తెర మీద కూడా నిలిచింది. కొట్టివేతకు పొడి సంతకం పెట్టే పద్ధతి పోయి, ఎవరు ఎప్పుడు రాశారన్నది యంత్రమే నమోదు చేస్తోంది. సరిపోల్చే గుమస్తా, స్టెన్సిల్ కోసే టైపిస్టు ఈ గొలుసులో లేరు. అధికారే రాసుకుంటాడు, తప్పయినా ఒప్పయినా ఆయనదే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటు కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. రైల్వే కేంద్ర ప్రభుత్వానిది కనుక ఈ నిర్ణయం గార్డెన్ రీచ్ ఫైళ్లకు వర్తించదు. రాష్ట్ర కార్యాలయాల్లో తెలుగు దరఖాస్తు, తెలుగు జవాబు అన్న మాట వచ్చినప్పుడు మాత్రం, ఆ తెలుగును మోయవలసింది సాఫ్ట్‌వేర్‌లోని ఈ పెట్టెయే.

మీ కళాశాలలోనో ఇంట్లోనో కంప్యూటర్ ఉంటే ఈ పరీక్ష చేసి చూడండి. ఏదైనా ఎడిటర్‌లో 'లక్ష్మి' అని కొట్టి, బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారే నొక్కండి. చాలా ఎడిటర్లలో మొదట గుడి పోయి 'లక్ష్మ', తర్వాత 'లక్ష్', ఆపై 'లక్ష' మిగులుతాయి. మళ్లీ పూర్తి మాట కొట్టి కింద గీత పెట్టి, ఒత్తులు చదవడానికి వస్తున్నాయో లేదో చూడండి. చివరిగా 10 నెత్తిన 8 వేసి, దాన్ని కాపీ చేసి అలంకారాలు లేని నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఎన్ని ఎడిటర్లలో ఏమేమి వచ్చాయో ఒక పట్టిక రాసుకోండి.